సాయమ్మ ఎత్తి చూసిన కుండీలు

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, జూన్ బదిలీల్లో నన్ను నాగర్‌కర్నూలు నుంచి వనపర్తి జిల్లాకు ఉద్యాన అధికారిగా పంపారు. మామిడి, బత్తాయి తోటల తనిఖీ, బిందుసేద్యం దరఖాస్తుల పరిశీలన మా పని. పూలకుండీలు చూడటం మా హోదాకు తగిన పని కాదన్న గర్వం నాకు కాస్త ఉండేది.

జూలైలో ఆత్మకూరు దగ్గరి ఒక బాలికల వసతి పాఠశాల నుంచి ఉత్తరం వచ్చింది. వరండాల్లోని అరవై కుండీల్లో గులాబీ, మల్లె, కరివేపాకు మొక్కలు వాడిపోతున్నాయి, వచ్చి చూడమని. మిట్టమధ్యాహ్నం వెళ్లాను. ఆకులు వాలి ఉన్నాయి, పైమట్టి ఎండి బీటలు వారింది. తోటపని చేసే సాయమ్మ రోజూ నీళ్లు పోస్తూనే ఉన్నానంది. నేను నమ్మలేదు. తనిఖీ పుస్తకంలో "నీటి ఎద్దడి. రెండు పూటలా పోయాలి" అని రాసి, సంతకం పెట్టి, టీ తాగి వచ్చేశాను.

మూడు వారాలకు రెండో ఉత్తరం. మీరు చెప్పినా సాయమ్మ నీళ్లు పోయడం లేదు, మొక్కలు చస్తున్నాయి, ఈమెను తీసేసి మరొకరిని పెట్టుకుంటాం, నిర్లక్ష్యమే కారణమని మీ శాఖ ధ్రువీకరించాలి అని ప్రిన్సిపాల్ రాశారు.

ఈసారి పొద్దున్నే ఆరింటికి వెళ్లాను. సాయమ్మ గేటు దగ్గరే ఎదురైంది.

"ఈ పని వోతే మల్ల బొంబాయి బండెక్కాలె సార్. పదేండ్లు ఆడ రోడ్డు పని చేసిన. ఇప్పుడు నా బిడ్డ ఈ బడిలనే సదువుతుంది" అంది.

అది నల్లా వచ్చే వేళ. వంటమనిషి నిన్నటి డ్రమ్ములు ఖాళీ చేయిస్తోంది. నల్లా రాగానే పాత నీళ్లు తీసేసి కొత్తవి పట్టుకోవడం మా వైపు ఇంటింటి అలవాటు. ఆ పాత నీళ్లన్నీ సాయమ్మ బిందెలకెత్తి కుండీల్లో పోస్తోంది. ఎందుకని అడిగాను.

"పారబోస్తే పాపం గాదా సార్? చిన్నప్పుడు బిందెడు నీళ్లకు కోసెడు దూరం నడిసినం. మీరు చెప్పిన రెండు పూటలు ఇది గాక పోస్తున్న."

ఆమె ఇంకా నీళ్లు పోయని ఒక గులాబీ కుండీని బోర్లించి మొక్కను బయటికి తీశాను. పైన అంగుళం మట్టి గాలికి ఎండింది కానీ లోపలంతా బురద. వేళ్లు గోధుమరంగుకు తిరిగి, జిగురుగా, కుళ్లు వాసన కొడుతున్నాయి. ఆరోగ్యమైన వేరు తెల్లగా ఉంటుంది. వేరుకు నీటితో పాటు గాలి కావాలి. గాలి ఆడక కుళ్లిన వేరు నీటిని పీల్చలేదు, కాబట్టి బురదలో నిలబడ్డ మొక్క కూడా దాహంతో ఉన్నదానిలాగే ఆకులు వాలుస్తుంది. దానికి నా రెండు పూటల సలహా గోరుచుట్టుపై రోకలిపోటు అయింది. నాకు సిగ్గేసింది.

అడుగున మూసుకుపోయిన రంధ్రాలు ఇనుప చువ్వతో తెరిపించాను. కుళ్లిన వేళ్లు కత్తిరించి, ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, ఇసుక కలిపి తిరిగి నాటించాను. పాత నీళ్లు ప్రహరీ వెంట ఉన్న వేపచెట్లకు మళ్లించాం, పారబోస్తే పాపమన్న సాయమ్మ భయమూ తీరింది. రెండో కణుపు దాకా వేలు గుచ్చి, తడి తగిలితే పోయవద్దని, పొడిగా ఉంటే అడుగు నుంచి కారేదాకా పోసి ఆపమని సాయమ్మకు చెప్పాను.

ఆమె విని, కుండీ అంచు పట్టుకుని కొద్దిగా ఎత్తింది. "వేలు ఎందుకు సార్? బిందెల నీళ్లు ఎన్నున్నయో ఎత్తితే తెల్వదా? ఇది బరువుంది, దీనికి వద్దు. గిది తేలికైంది, పొయ్యాలె."

పదిరోజులాగి వెళ్లి, పది కుండీలతో పరీక్ష పెట్టాను. ఆమె ఎత్తి చెప్పడం, నేను వేలు గుచ్చి చూడటం. పదికి పది సరిగ్గా చెప్పింది. ఆ రోజు నాకు కలిగిన ఆనందం ఏ పదోన్నతికీ కలగలేదు.

నివేదికలో "తోటమాలి నిర్లక్ష్యం లేదు. తప్పు సలహా ఇచ్చింది ఉద్యాన అధికారి" అని రాశాను. జిల్లా అధికారి ఫోన్ చేసి, గిట్ల ఎవరన్నా రాసుకుంటరా అన్నారు. జరిగింది అదే సార్ అన్నాను.

దసరా నాటికి ఎనిమిది పోగా మిగిలిన యాభై రెండు మొక్కలూ నిలదొక్కుకున్నాయి, గులాబీలు విరగబూశాయి. ప్రిన్సిపాల్ తన ఉత్తరం వెనక్కి తీసుకుని, మరో రెండు బ్లాకుల తోట కూడా సాయమ్మకే అప్పగించారు. ఆ చలికాలంలో వనపర్తిలో మిద్దెతోటల శిక్షణ పెట్టినప్పుడు నీళ్లు పోయడంపై పాఠం ఆమె చెప్పింది. నేను ముందు వరుసలో కూర్చుని విన్నాను.

సాయమ్మ మొదటి రోజే నిజం చెప్పింది. దాన్ని సరిచూడటానికి నాకు ఒక వేలు, ఒక నిమిషం సరిపోయేవి. మిగిలిన సర్వీసులో మట్టి ముట్టుకోకుండా ఏ తనిఖీ పుస్తకంలోనూ సంతకం పెట్టలేదు.