పెళ్ళిచూపుల్లో బ్యాండికూట్

పంతొమ్మిది వందల యాభైల చివరి మాట. గుంటూరులో బి.ఏ. పాసై, నన్ను మించిన ఇంగ్లీషు పండితుడు లేడని విర్రవీగే రోజులు. మా నాన్నా నేనూ ప్రత్తిపాడులో పెళ్ళిచూపులకు వెళ్ళాం. వరండాలో ఎండుమిరపకాయల బస్తాల పక్కన తుమ్ములు ఆపుకుంటూ కూర్చున్నాను.

పిల్ల తండ్రి ఓ చీటీ నా చేతిలో పెట్టాడు. "మా అమ్మాయి రాసిచ్చింది బాబూ. దీని అర్థం చెప్పాలట."

చీటీలో ఇంగ్లీషులో 'బ్యాండికూట్' అని ఉంది. జన్మలో వినలేదు. తెలియదంటే నా బి.ఏ. పరువేం కావాలి?

"ఇదా! దొరలు తినే ఫలహారమండీ. హాస్టల్లో నేనూ రెండుసార్లు తిన్నాను" అన్నాను.

తలుపు చాటు నుంచి పిల్ల పకపకా నవ్వింది. "అది పందికొక్కు నాన్నా! మన తెలుగు మాటనే ఇంగ్లీషువాళ్ళు పట్టుకుపోయి అలా పలుకుతున్నారని మా మాస్టారు చెప్పారు."

వాళ్ళ నాయనమ్మ బుగ్గలు నొక్కుకుంది. "వేపుడా నాయనా, పులుసా?"

మా నాన్న చూసిన చూపు కంటే ఆ మిరపకాయల ఘాటే నయం. సంబంధం పోయిందనుకుని నేను చెప్పులు వెతుక్కుంటుంటే, లోపలి నుంచి పిల్ల కబురు పంపింది. "ఖాయం చేయమనండి. తెలియనిది తెలియదని చెప్పడం నేను నేర్పుకుంటాను."

ఇప్పటికీ నేర్పుతూనే ఉంది. నేనే ఇంకా పాసవలేదు.