బియ్యం డబ్బాలో మంచు

ఇప్పుడు చేతిలో ఫోనున్న ప్రతివాళ్లూ ఫొటోగ్రాఫర్లే గానీ, నేను కోడలిగా అరకు వచ్చిన కొత్తలో కెమెరా అంటే ఇంట్లో ఇంకో మనిషి కింద లెక్క. దానికో చోటు, దానికో పథ్యం, అది అలిగితే బతిమాలడానికి విశాఖపట్నంలో ఒక రిపేరు మేస్త్రీ. మా కన్నవారిది ఎస్.కోట దగ్గర పల్లె. ఏడో తరగతి చదివాను (ఎనిమిదిలో కూర్చున్నాను కూడా గానీ, దసరా సెలవులకు ఇంటికొచ్చి మళ్లీ వెళ్లలేదు, కాబట్టి ఎనిమిదని చెప్పుకోను). మా ఆయనకు టూరిస్టులను తిప్పే జీపు, మా అత్తగారికి వ్యూ పాయింటు దగ్గర టీ బడ్డీ. జీపెక్కినవాళ్లకు ఫొటోలు కూడా తీసిస్తే నాలుగు డబ్బులొస్తాయని మా ఆయన ఎవరి దగ్గరో పాత కెమెరా ఒకటి కొనుక్కొచ్చాడు. నల్లగా, బరువుగా ఉండేది. లెన్సు తిప్పితే కిర్రుమనేది. లెన్సు మీద మూత లేదు. అడిగితే, మూతతో ఫొటో తీస్తామా ఏంటి అన్నాడు.

ఆయన తీసిన ఫొటోల్లో కొండలుండేవి, ఆకాశముండేది, జీపు నంబరు కూడా స్పష్టంగా ఉండేది. డబ్బిచ్చిన టూరిస్టుకు మాత్రం తల ఉండేది కాదు. ఒకసారి కొత్తగా పెళ్లైన జంటను ఇద్దరినీ మెడల దాకా తీసిచ్చాడు. ఆ పెళ్లికొడుకు జీపు తాళాలు లాక్కున్నంత పని చేశాడు. ఆ రోజు నుంచి కెమెరా నా చేతికొచ్చింది. మొదట్లో బడ్డీ దగ్గర గాజుగ్లాసుల్ని తీసేదాన్ని, ఆరేసిన చీరల్ని తీసేదాన్ని, జీపు కింద పడుకున్న కుక్కను తీసేదాన్ని. ఒక కన్ను మూసి ఆ చిన్న కిటికీలోంచి చూస్తే రోజూ కనిపించే కొండ కూడా నాకోసమే వచ్చి నిలబడినట్టుండేది. ఈ మాట ఎవరితోనూ అనలేదు. అంటే నవ్వుతారు కదా.

అరకులో వానాకాలం ఉంటే తెలుస్తుంది, చెప్పులకూ బూజే, బెల్టుకూ బూజే. లెన్సు లోపల బూజు పడితే ఇక దాన్ని పారేసుకోవడమేనని మేస్త్రీ చెప్పాడు. బియ్యంలో పెడితే తేమ లాగేస్తుందని మా ఆయనకు ఇంకెవరో చెప్పారు. ఇంకేం, పాత పంచె ముక్కలో చుట్టి మా అత్తగారి బియ్యం డబ్బాలో పెట్టాం. ఆ డబ్బా మీద ఆవిడకున్న పట్టు ఇంట్లో మా మీద కూడా లేదు. పురుగు పట్టకుండా ఆవిడ బియ్యానికి బోరిక్ పౌడరు దట్టంగా పట్టించేది. పొద్దున్నే సోలెడు బియ్యం తీస్తూ ఆవిడ రోజూ ఒకే మాట అనేది: "ఏటే గుంటా, మీ కెమెరా కూడా ఎసట్లో ఎయ్యమంతావేటి?"

అలా ఉండగా, కొండవాలు చేలల్లో వలిసెలు పసుపుపచ్చగా పూసే కాలంలో విశాఖపట్నం నుంచి కెమెరాలవాళ్ల క్లబ్బు ఒకటి పోటీ పెట్టింది. మా బడ్డీకే కాగితం అంటించారు. ఒకే ఉదయం, అందరూ వలిసె చేల దగ్గరే తీయాలి, ఎండ ముదిరేలోగా కెమెరాలోని మెమరీ కార్డు వాళ్లకిచ్చేయాలి. కంప్యూటర్లో దిద్దడాలేవీ కుదరవు. అంశం 'అరకు ఉదయం'. మా ఆయన నన్నడక్కుండానే నా పేరు రాయించి వచ్చాడు. పైకి విసుక్కున్నాను గానీ ఆ రాత్రి నిద్రపట్టలేదు.

పోటీ రోజున చూద్దునా, చేను గట్ల మీద మోకాలంత లెన్సులు, మూడుకాళ్ల స్టాండులు, జేబుల మీద జేబులున్న చొక్కాలు. నాది పంచె ముక్కలో కెమెరా. కొంగు చాటున దాచుకుని ఒక మూల నిలబడ్డాను. అందరూ మంచు కోసం చూస్తున్నారు. పసుపుపచ్చ చేల మీద తెల్లటి మంచు, దానికోసమే ఘాటు రోడ్డెక్కి వచ్చారు పాపం. రోజూ ఎదుటి మనిషి కనపడకుండా కప్పేసే మంచు ఆ రోజు పేరుకైనా రాలేదు. ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. ఒకాయన నావైపు చూసి, మంచు ఏదమ్మా అని అడిగాడు, నేనే ఎక్కడో దాచినట్టు.

క్లబ్బువాళ్లలో గళ్ల చొక్కా వేసుకున్న మేడం ఒకావిడ నా దగ్గరకొచ్చి, "మీరు ఏ లెన్సు వాడతారు?" అని అడిగింది. అరకులో నన్ను అప్పటిదాకా ఎవరూ మీరు అనలేదు. ఉన్నదేనండీ అన్నాను. ఆవిడ నవ్వి, సూర్యుడికి ఎదురుగా తీయండి, కానీ సూర్యుణ్ని ఎవరి తల వెనకైనా దాచండి అని చెప్పి తన దారిన వెళ్లింది. సరిగ్గా అప్పుడే మా అత్తగారు తలమీద గ్లాసుల బుట్ట, చేతిలో టీ కెటిలుతో గట్టు మీద నడిచొస్తోంది (ఇంతమంది జనం ఒకచోట దొరికితే ఆవిడ బడ్డీలో ఎందుకు కూర్చుంటుంది). సూర్యుణ్ని ఆ బుట్ట వెనక దాచి నొక్కాను. ఎండలో కెమెరా వెనక తెర మీద ఏం పడిందో కనిపించలేదు. కార్డు తీసి ఇచ్చేశాను.

ఇంటికొచ్చి కెమెరా తుడుద్దామని లెన్సు మీద వేలు పెడితే వేలంతా తెల్లబడింది. తిప్పి చూస్తే మనం కన్ను పెట్టే కిటికీ దగ్గర ఒక ముక్కపురుగు తీరిగ్గా నడుస్తోంది. ఇంకేముంది, నా ఫొటో బూడిదలో పోసిన పన్నీరే అనుకుని ఆ సాయంత్రం అన్నం తినలేదు. ఏమైందని మా అత్తగారు రెండుసార్లు అడిగింది. ఏం చెప్పను, మీ పౌడరే నా కొంప ముంచిందని చెప్పనా?

కొన్నాళ్లకు గళ్ల చొక్కా మేడం ఫోను చేసింది. మొదటి బహుమతి నాదే. ఆ ఉదయం ఎవరికీ దొరకని మంచు మీకెక్కడ దొరికిందని జడ్జీలు ఒకటే ఆశ్చర్యపోతున్నారట. పసుపుపచ్చటి చేను, దాని మీద పల్చటి తెలుపు, ఆ తెలుపులోంచి బుట్ట నెత్తిన పెట్టుకుని ఒక పెద్దావిడ రావడం, చూసినవాళ్లు కళ్లు తిప్పుకోలేదట. ఆదివారం విశాఖపట్నం రండి, లెన్సు బహుమతిగా ఇస్తాం, ఎలా తీశారో అందరికీ మైకులో చెప్పండి, నెలనెలా మేం వెళ్లే ఫొటో నడకలకు మీరూ రావాలి అంది. నా గుండె సంతోషంతో ఒకసారి ఎగిరి, మైకు అన్న మాట దగ్గర ఠపీమని కిందపడింది. వినేవాళ్లంతా ఆ రోజు ఆ ఎండలో నా పక్కన నిలబడ్డవాళ్లే కదా. వాళ్ల ముందు నిలబడి ఏ మంచు గురించి చెప్పను?

ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. అది మా రహస్యం అని చెప్పి ఊరుకోమన్నాడు మా ఆయన. మా అత్తగారు మాత్రం చాట పక్కన పెట్టి నావైపు తిరిగింది.

"సిగ్గేటే ఇందులో? బియ్యంలో ఎట్టాం, పౌడరంటింది, బొమ్మ బాగొచ్చింది. అదే సెప్పు. ఆలు నవ్వితే నువ్వూ నవ్వు."

"అంతమంది సదువుకున్నోళ్లత్తా..."

"అయితే? ఆలు బియ్యం తినరేటి?"

ఆవిడకు సిగ్గు సంగతే తెలియదు. అప్పటికే తన బియ్యం డబ్బాకు ప్రైజొచ్చిందని సంతలో సగం మందికి చెప్పేసింది.

ఆదివారం పట్టుచీర కట్టుకుని బస్సెక్కాను. జీపు రిపేరుకు షెడ్డులో ఉండటంతో మా ఆయన నా పక్కనే కూర్చున్నాడు. ఏం చెప్పాలో లోపల్లోపల అనుకుంటూనే ఉన్నాను. నమస్కారమండీ, మా ఇంట్లో బియ్యం డబ్బా ఉందండీ. అంతవరకూ బాగానే వచ్చేది. ఆ తర్వాత హాలు, కుర్చీలు, జేబుల చొక్కాలు, ఇన్ని ముఖాలు ఒక్కసారిగా కళ్లముందుకొచ్చేవి, మళ్లీ నమస్కారం దగ్గర మొదలుపెట్టేదాన్ని. అనంతగిరి ఘాటులో ఒక మలుపు దగ్గర ఆయన చెయ్యి పట్టుకుని, దిగిపోదామండీ అన్నాను. ఆయన నా ముఖం చూశాడు. లేచి కండక్టరు దగ్గరకెళ్లి, "మా ఇంటిదానికి కడుపులో తిప్పుతోందంట, కాసింత ఆపండి" అన్నాడు. బస్సులో ఉన్న ముసలమ్మ ఒకావిడ జాలిపడి నా చేతిలో నిమ్మకాయ పెట్టింది. ఎస్.కోటకూ అరకుకూ మధ్య ఎన్నిసార్లు తిరిగినా ఆ ఘాటులో నాకు ఒక్కనాడూ వాంతి రాలేదు.

బస్సు వెళ్లిపోయింది. పిట్టగోడ మీద కూర్చున్నాం. ఆయన కాల్చిన మొక్కజొన్న పొత్తులు కొనుక్కొచ్చాడు. పట్టుచీర మీద మసి పడకుండా కొంగు దోపుకుని తిన్నాను. నీ బదులు మైకులో నాను సెప్పీసేవాణ్నిలే అన్నాడు కాసేపటికి. మీరు చెబితే మనుషులకు తలలుండవు అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. కింద లోయలో మేం పోవాల్సిన దారి మెలికలు తిరుగుతూ విశాఖపట్నం వైపు వెళ్లిపోతూ ఉంది.

ఆ రాత్రే మేడం మళ్లీ ఫోను చేసింది. కుర్చీ ఖాళీగా ఉంచి నాకోసం చాలాసేపు చూశారట. ఇక దాచలేక ఉన్నదున్నట్టు చెప్పేశాను, డబ్బా, పౌడరు, ముక్కపురుగుతో సహా. అవతల ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. ఎగతాళి నవ్వు కాదు, ఊపిరి ఆడక నవ్వే నవ్వు. "అయ్యో, ఇదేనండీ అక్కడ చెప్పాల్సింది," అంది. "ఇంతకన్నా మంచి మాట ఆ హాల్లో ఇంకెవరూ చెప్పలేదు."

లెన్సు ఎవరో టూరిస్టుతో పంపించారు. అది వేరే రకం కెమెరాదట, మాదానికి ఎక్కలేదు. మీరే వచ్చి ఉంటే అక్కడే మార్చి ఇచ్చేవాళ్లమని మేడం అంది. తర్వాత రెండు మూడు నడకలకు పిలిచింది కూడా. ఒకసారి అప్పటికి పుట్టిన మా చంటిదానికి జ్వరం, ఒకసారి టూరిస్టుల సీజను, ఒకసారి ఏమీ లేదు, ఊరికే భయం. అలా అలా ఫోన్లు ఆగిపోయాయి. ఆవిణ్ని తప్పుపట్టను. ఎన్నాళ్లని పిలుస్తారు?

ఇప్పుడు ఏ పెళ్లిలోనైనా, ఏ పేరంటంలోనైనా ఈ కథ చెప్పమని నన్ను పట్టుకుంటారు. గుంపు మధ్య నిలబడి, చేతులు తిప్పుతూ, పురుగు నడకతో సహా చెబుతాను. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంటారు. ఇంత మాటకారి ఆ రోజు ఎక్కడికి పోయిందో నాకే తెలియదు. పోనీ పాపం, ఇరవై ఏళ్ల పిల్ల, పట్టుచీర కూడా సరిగా కట్టుకోవడం రాదు. ఇప్పటికీ విశాఖపట్నం బస్సు ఆ మలుపు దగ్గరకొచ్చేసరికి, ఎందుకో తెలియదు గానీ, నాకు నిజంగానే కడుపులో తిప్పుతుంది.