ముందు గది అద్దె

అరవైల చివర్లో ఒక వానాకాలం. నాన్నకు పక్షవాతం వచ్చి, ఆమదాలవలస బియ్యం మిల్లులో గుమస్తా పని పోయింది. శ్రీకాకుళంలో మాకున్నది మూడు గదుల పెంకుటిల్లు. ముందు గదిలో మిషన్ బడి పంతులమ్మ అద్దెకుండేది. ఆవిడిచ్చే ఇరవై రూపాయలతోనే మా ఇంట్లో పొయ్యి వెలిగేది.

ఈసారి ఇంటి పన్ను అద్దెను బట్టి వేస్తారని తెలిసినప్పటి నుంచి అమ్మకు తిండి సహించలేదు. ఒక గదికి ఇరవై అంటే, మేముంటున్న రెండు గదులకూ అంతే లెక్కేస్తారని భయం. నన్ను పలక పట్టుకు కూర్చోమనేది.

"ఇరవై అని సెబితే పన్నెంతవుద్ది? పదని సెబితే?"

నేను చెప్పేదాన్ని. మళ్ళీ చెరిపి వెయ్యమనేది.

చివరికి అమ్మ పంతులమ్మ చేతులు పట్టుకుంది. "పదే ఇస్తన్నానని ఒక్క మాట సెప్పు తల్లీ. నీ కాళ్ళట్టుకుంటాను."

"అబద్ధం ఆడలేనమ్మా, నన్నడక్కండి" అందావిడ.

రెండు రోజులకు మునిసిపాలిటీ గుమస్తా వచ్చాడు. అద్దె పది అంది అమ్మ. అతను పంతులమ్మ వైపు తిరిగాడు.

"ఇరవై అండి" అందావిడ నెమ్మదిగా.

"వెనక గదులు కూడా చూసి రాయండి" అంటూ పంతులమ్మ అతన్ని లోపలికి తీసుకెళ్ళింది. మేము చుట్టాలను కూడా రానివ్వని గది అది. పెంకులు పగిలి కురుస్తోంది. తడిసిన దుప్పటి మీద నాన్న. మాట పోయిన మనిషి, కొత్తవాణ్ణి చూసి, ఆడే ఒక్క చేత్తో పంచె సర్దుకోవాలని పెనుగులాడుతున్నాడు. గుమస్తా తల తిప్పుకుని బయటికి వచ్చేశాడు.

నోటీసు వచ్చింది. పన్ను పెరిగింది గాని, నేను పలక మీద లెక్క వేసినంత కాదు. వెనక గదులకు అద్దె చాలా తక్కువగా లెక్క కట్టారు.

"నేను మీ మేలు కోరే చూపించానమ్మా" అంది పంతులమ్మ.

"పన్నుదేటుంది, గిన్నెలమ్ముకునైనా కడతాను. ఆయన్నలాగ పరాయోడికి సూపించడానికి నీకు మనసెలా వచ్చింది?"

ఆవిడ ఏడ్చింది. నెలాఖరుకు ఆవిడ గది ఖాళీ చేసి వెళ్ళిపోయింది.

నాన్న మంచాన్ని అమ్మ వాన కురవని ముందు గదిలోకి మార్చింది. దాన్ని మళ్ళీ ఎవరికీ అద్దెకివ్వలేదు. తెల్లవారుతూనే మిల్లుకు బియ్యం చెరగడానికి వెళ్ళేది.