మిర్చి మీది టార్పాలిన్ తాడు

మూడు రోజులుగా ఇంట్లో నెట్ వస్తూ పోతూ ఉంటే, నిన్న మా మొగుళ్లపల్లి వాట్సాప్ గ్రూపులో కేబుల్ రఫీ మీద మండిపడ్డాను. "చేతగాకపోతే పని మానుకో" అని కూడా రాశాను.

ఈ రోజు రఫీ వచ్చి మా డాబా ఎక్కాడు.

"సార్, మిర్చి మీద కప్పిన టార్పాలిన్ తాడు గీ నెట్ వైరుకు ఎవరు కట్టిండ్రు? గాలికి గుంజి గుంజి లోపల తెగింది."

కట్టింది నేనే. పాత డిష్ వైరనుకున్నాను.

అతను తెగిన వైరు అతికించాడు. దిగేటప్పుడు, "గ్రూపుల మా నాయిన గూడ ఉన్నడు సార్, జర నిన్నటి మెసేజ్ తీసెయ్యుండ్రి" అన్నాడు.

వెంటనే తీసేశాను. దాని కింద జనం పెట్టిన నవ్వు బొమ్మలు అలాగే ఉన్నాయి. నెట్ బ్రహ్మాండంగా వస్తోంది. తప్పు నాదని ఆ గ్రూపులో రాయడానికే ఇంకా వేలు కదలడం లేదు. మీకూ ఇలా ఎప్పుడైనా అయిందా?