మధ్యాహ్నం కోతికీ నాకూ వినపడదు

నా గొంతు ఇట్టా గరగరలాడటానికి కోతులే కారణం. మొక్కజొన్న కంకి పాలుపట్టిన కాడినుంచి కోసిందాకా మంచె మీద కూర్చుని అరుస్తానే ఉండాలి. రాయి వేద్దామా అంటే, శనివారం శనివారం ఆంజనేయస్వామికి దణ్ణం పెట్టే ఇల్లు మాది, కోతిని కొట్టగూడదు. ఇంక అరుపూ, పళ్లెం మోతా, అంతే.

తెల్లారగట్ట పళ్లెం మీద గరిటెతో ఒక్కటి తగిలిస్తే చాలు, మంద మొత్తం కాలవ దాటిద్ది. అదే మధ్యాహ్నం అన్నాలయినాక ఎంత మోగించినా కదలవు. పెద్దకోతి ఒకటి వేపచెట్టు మీద కూర్చుని, పక్కింటోళ్ళ టీవీ మోగుతున్నట్టు ఊరుకుంటది.

ఒకరోజు ఆ వేళప్పుడే రెండు సాళ్ళు ఖాళీ చేసి పోయినయ్. చేను మా మరిదిదీ నాదీ కలిపి. ఆయనొచ్చి, "వదినా, కంకులు విరిచే చప్పుడు కూడా వినపడలేదంటే నీకు చెవుడొచ్చింది, ఇంక మంచె దిగు, కూలిమనిషిని పెడతా" అన్నాడు. మా ఆయన పోయినాక ఇంట్లో గోడలు చూస్తా కూర్చోలేకే ఆ మంచె ఎక్కా. అది దిగితే నాకింకేముంది?

సత్తెనపల్లి కాలేజీలో పాఠాలు చెప్పే మా చెల్లెలి కూతురికి ఫోన్ చేసి ఏడిచా. ఆ పిల్ల ఏదో చదివిందంట. కోతి మెదడులో శబ్దాన్ని అందుకునే చోట్లుంటయ్యంట, అక్కడి రసాయనాలు రోజంతా ఒక్క తీరుగా ఉండవంట, పూటపూటకీ పెరుగుతా తగ్గుతా ఉంటయ్యంట. అంతటితో ఆగకుండా, అది నీ చెవులకి సాక్ష్యం కాదు పెద్దమ్మా, నరసరావుపేట పోయి డాక్టరుకి చూపించుకో అంది. ఆ రెండో ముక్క నాకు సరిగ్గా వినపడలా. నేను చెప్తంటే ఇది రాస్తంది కూడా ఆ పిల్లే. వినపడిందనే రాస్తానంటంది. రాసుకోనీ.

మరిది పరీక్ష పెట్టాడు. మధ్యాహ్నం చేలోనుంచి పిలుస్తాడంట, పలక్కపోతే నేను దిగాలంట. సరేనన్నా. పప్పన్నం తిని ఎక్కా, కళ్ళు మూతపడ్డ మాట నిజమే. తెరిచేసరికి ఆయన మంచె కింద నడుం మీద చేతులేసుకుని నిలబడున్నాడు. మూడుసార్లు పిలిచాడంట. నేను వేపచెట్టు వంక చూశా. పెద్దకోతి తల కూడా తిప్పలా.

"అది మాత్రం పలికిందా? ముందు దాన్ని దించు మరిదీ, తర్వాత నేను దిగుతా."

కోతికీ నీకూ పోలికేందన్నాడు. పిల్ల చెప్పింది చెప్పా, మొదటి ముక్క వరకే. నమ్మలా. మనిషి చెవులెట్టా పనిచేస్తయ్యో రేపు చూడమని మర్నాడు మధ్యాహ్నం అన్నం తిని తనే ఎక్కాడు. నేను చేలోకి పోయి పిలిచా. అవతల డొంకదారిన పోయేవాళ్ళు ముగ్గురు, ఏందత్తా ఏమైందని ఉరికొచ్చారు. మరిది గురక ఆగలా.

ఇప్పుడు పొద్దునా సాయంత్రం మంచె నాది. మధ్యాహ్నం ఇద్దరం, నేను పైన, ఆయన కింద నిచ్చెన కాడ. ఎవరు కునికితే వాళ్ళని రెండోవాళ్ళు కర్రతో పొడవాలని ఒప్పందం. ఆయన కబుర్లు సగమే వినపడతయ్. మిగతా సగం తప్పేననుకుని తిడతా, దాంతో ఇద్దరికీ నిద్ర రాదు. నరసరావుపేట పోతాలే, కోతలయినాక. అదీ పొద్దున బస్సుకి.