ఉప్పుకు వాసన ఉండదు

ఖచ్చితంగా తెలిసినవి ముందు చెబుతాను. ఈ మధ్య ఒక రంజాన్ నెలలో నేను జంషెడ్‌పూర్‌లోని కొన్ని హోటళ్ళలో ఇఫ్తార్ బఫేలు తిన్నాను. ప్రతిచోటా హలీమ్‌ను ముందు ఒట్టిగా, తర్వాత నిమ్మరసం పిండి, రెండు విధాలా రుచి చూశాను. మా సందులో చిన్నా పెద్దా అందరూ ఆపా అని పిలిచే పెద్దావిడకు ఒక జ్వరం తర్వాత వాసన తెలియకుండా పోయింది. ఇది ఎవరో చెప్పిన మాట కాదు. కళ్ళు మూసుకోమని కాఫీపొడి, ఇంగువ, కిరసనాయిలు ఒకదాని తర్వాత ఒకటి ఆమె ముక్కు దగ్గర పెట్టి నేనే తేల్చుకున్నాను. మరొక నిశ్చయం: ఉప్పుకు వాసన ఉండదు. గిన్నె ఎంత మరిగినా ఉప్పు ఆవిరితో పైకి లేచి రాదు.

ఇక విన్నవి. ఒక హోటల్లో వంటవాడిని హైదరాబాద్ నుంచి రప్పించారని విన్నాను. మరొక హోటల్లో పెట్టే ఖర్జూరాలు మదీనావని విన్నాను. ఆపా రోజా ఉపవాసం ఉండి హలీమ్ వండేటప్పుడు నాలుక మీద చుక్కయినా వేసుకోదనీ, గిన్నె మీదికి వంగి ఆవిరి పీల్చి, ఉప్పు చాలిందో లేదో చెప్పేస్తుందనీ చిన్నప్పటి నుంచీ విన్నాను. వంటవాడినే అడిగాను, ఆయనది ధన్‌బాద్. ఖర్జూరాల పెట్టె మీద రాసి ఉన్నది చదివాను, మదీనా మాట అందులో లేదు. మూడోదాని సంగతి అంత తేలికగా తేలేది కాదు.

ఆ ఊళ్ళోనే బిష్టుపూర్ పేటలో ఒక ప్రయోగశాలలో నీళ్ళనూ నూనెలనూ పరీక్షించడం నా ఉద్యోగం. ఎవరైనా ఒక వస్తువును స్వచ్ఛమైనదంటే, దేనితో పోల్చి ఆ మాట అన్నారని అడగడం ఆ పనిలో అలవాటైపోయింది. ఇంట్లోనూ అలాగే అడుగుతానని అమ్మ ఫిర్యాదు. మా నాన్నా, ఆపా భర్తా టాటానగర్‌లో రైల్వే పనివాళ్ళు. ఇద్దరూ ఇప్పుడు లేరు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబాల నడుమ, బర్మామైన్స్ సందులో, మా గోడకు ఆనుకున్న ఇంట్లో ఆపా కాపురానికి వచ్చింది. తెలుగు మా అమ్మ దగ్గరే నేర్చుకుంది. అందుకే ఆమె తెలుగు అచ్చం మా అమ్మ తెలుగులా ఉంటుంది. మా సందు పిల్లలు తెలుగులో అడిగినదానికి హిందీలో జవాబు చెబితే అమ్మకంటే ముందు ఆమే కోప్పడుతుంది.

ఏటా రంజాన్‌లో ఒక సాయంత్రం ఆపా సందంతటికీ హలీమ్ పెడుతుంది. భర్త ఉన్నప్పుడు మొదలైన ఆనవాయితీ. ఆ రోజును ఆమె మా వాళ్ళ నియమాలను బట్టి నిర్ణయిస్తుంది. కొందరు సోమవారం మాంసం ముట్టరు, కొందరు శనివారం, ఒక ఇంట్లో గురువారం, సగం ఇళ్ళలో మంగళ, శుక్రవారాలు. ఆ రోజులన్నీ తప్పించి, అందరికీ సెలవు కూడా చూస్తే మిగిలేది ఆదివారం. ఆమె మతం ప్రకారం శుక్రవారం మేలు కదా అని ఒకసారి అడిగితే, సందులో సగం మంది తినని రోజు తనకేం మేలని ఎదురడిగింది.

అంతకు ముందటి ఏడు ఆ హలీమ్ అడుగంటింది. గోధుమ గిన్నె అడుగున పట్టుకుని మాడుతున్నప్పుడు ముందు తెలిసేది ముక్కుకే. ఆపాకు తెలియలేదు. రోజా ఉన్నవాళ్ళ పళ్ళేలు ఖాళీ అయ్యాయి, మా వాళ్ళ పళ్ళేల్లో మిగిలింది. బాగుందా అని ఆమె వరసగా అందరినీ అడిగింది, అందరూ బాగుందన్నారు. నన్ను అడిగినప్పుడు మాడిందని చెప్పాను. ఆమె తల ఊపి లోపలికి వెళ్ళింది. ఇక తాను వండనని మర్నాడు కోడలితో చెప్పిందట.

కాబట్టి ఈసారి హలీమ్ హోటల్ నుంచి తెప్పించాలని కోడలు తీర్మానించింది. కోడలి మాటలో తప్పు లేదు. కానీ ఏ హోటల్ నుంచి? నెల మొదట్లోనే ఆపా మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"అందరూ బాగుందన్నారు. నువ్వొక్కదానివే మాడిందన్నావు. అందుకే నిన్నడుగుతన్నాను గుంటా. నాతో హోటళ్ళకి రా. నీ ముక్కు నాకియ్యి."

ఆమె పోగొట్టుకోబోతున్నదేమిటో నాకు తెలుసు. ఆ ఒక్క సాయంత్రం సందుకంతటికీ ఆమె ఇల్లాలు. హోటల్ గిన్నె వస్తే ఆ సాయంత్రం తప్పకుండా జరుగుతుంది, కానీ ఆమెది కాదు. కనీసం తన పేరుకు తలవంపులు తేని గిన్నె ఎంచుకోవాలన్నది ఆమె పట్టుదల.

మొదట బిష్టుపూర్ హోటల్‌కు వెళ్ళాం. బయట బోర్డు మీద మూడు దావాలు: హైదరాబాదీ హలీమ్, అసలు నెయ్యి, ఎంత కావాలంటే అంత. మూడోది ఒక్కటే నిలబడింది. పొద్దు గుంకకముందే బల్లలు నిండిపోయాయి. ప్రతి బల్ల మీదా ఖర్జూరాలు, పకోడీలు, పండ్ల ముక్కలు, గులాబీరంగు షర్బత్ ఎదురుగా ఉన్నా ఒక్క చెయ్యీ కదల్లేదు. ఆకలితో ఉన్న అంత మంది అంత తిండి ముందు అంత నిశ్శబ్దంగా కూర్చోవడం నేను చూడటం అదే మొదటిసారి. లోపలికి అజాన్ వినిపించదు కనుక మేనేజర్ తన ఫోన్ పైకెత్తి వినిపించాడు. పక్క బల్ల కుటుంబం వాళ్ళ ఖర్జూరాల పళ్ళేన్ని మా వైపు జరిపింది. నేను రోజా లేనని చెప్పాను. ఆ ఇంటాయన, ఖర్జూరానికి ఆ సంగతి తెలియదు కదా, తీసుకోండని హిందీలో అన్నాడు. పరీక్షకు వచ్చినదాన్ని అతిథిగా చూసిన ఆ మాట ఇప్పటికీ గుర్తుంది.

నమాజు అయ్యాక అసలు బఫే తెరిచారు. ఆపా హలీమ్‌ను చెంచాతో ఎత్తి జారవిడిచి, అది తీగలా సాగడం చూసింది. తర్వాత నోట్లో పెట్టుకుంది. ముక్కు పోయినా నాలుక పోలేదు. ఉప్పు, పులుపు, కారం ఆమెకు తెలుస్తాయి. ఉప్పు సరిగ్గా ఉందన్నది. తర్వాత, వాసనెలా ఉందని నన్ను అడిగింది. వేగిన ఉల్లిపాయలో గంధకం కలిసిన పదార్థాల గురించి నేను మొదలుపెట్టాను.

"మందుల కొట్టు బాస ఒద్దు. మనింటి బాసలో సెప్పు."

కొంచెం ఆలోచించాను. "మసాలా ముందొచ్చింది, ఉల్లి ఎనకుండిపోయింది. మీ ఇంట్లో ఉల్లి ముందొచ్చేది ఆపా. తలుపు తీయకముందే వచ్చేది."

ఆమె చెంచా పళ్ళెంలో పెట్టేసింది.

తర్వాత సాక్చీలో ఒకచోట తిన్నాం. అక్కడ మాంసం ముక్కలు ముక్కలుగా తగిలింది. దాన్ని హలీమ్ అనకూడదని, కూర అనాలని ఆపా తీర్పు. ఈ తిరుగుళ్ళు అమ్మకు వేడుక అయ్యాయి. సాయంత్రం నేను చెప్పులు వేసుకుంటుంటే గుమ్మంలో కూర్చుని అనేది: "రోజా దానిది, తిండి నీదా? ఆపీసులో నీళ్ళు నాకింది సాలక హోటళ్ళు నాకుతన్నావేటే?"

అమ్మ ఎగతాళికే అన్నా, ఆ మాట నాలో ఒక అనుమానం రేపింది. హలీమ్ రోజంతా పస్తున్నవాళ్ళ కోసం వండేది. మధ్యాహ్నం భోంచేసి వచ్చిన నా నాలుక దాన్ని తూచడం న్యాయమేనా? పరీక్ష జరిగే పరిస్థితి, వస్తువును వాడే పరిస్థితి ఒకటిగా ఉండాలి కదా. అందుకని ఒక రోజు నేనూ రోజా ఉన్నాను. తెల్లవారకముందే తిని, నీళ్ళు కూడా ముట్టకుండా ఆఫీసు పని చేశాను. మధ్యాహ్నం పరీక్షకు వచ్చిన నీళ్ళ సీసాలను చూస్తే మతి పోయింది. సాయంత్రం ఆపాతో గోవింద్‌పూర్ దారిలోని హోటల్‌కు వెళ్ళాను.

ఖర్జూరం నోట్లో పెట్టుకున్న క్షణం నుంచీ అక్కడ నాకు ప్రతిదీ అమోఘంగా ఉంది. చల్లారిన పకోడీ అమోఘం. నీళ్ళ షర్బత్ అమోఘం. హలీమ్ తిని, ఇంతకంటే మంచిది లేదు, ఇక్కడే చెప్పేద్దామన్నాను. ఆపా నన్ను వింతగా చూసి, ఇంకోరోజు మళ్ళీ వద్దామని మాత్రం అంది. కొద్ది రోజుల తర్వాత మామూలుగా భోంచేసి అదే హోటల్‌లో అదే హలీమ్ తిన్నాను. గోధుమపిండి జారుగా కాచి పోసిన జిగురు అది. ఉప్పు మరీ ఎక్కువైంది. ఆ సంగతి చెబితే ఆపా కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వింది.

"ఆ రోజు మాటాడింది నీ నాలిక కాదు, నీ కడుపు. రోజా ఉన్నోలికి మొదటి ముద్ద ఎప్పుడూ బాగుంటాది. మరి నా మాడిన హలీమ్ ఎలా తిన్నారనుకున్నావు?"

నా రోజా నాటి ఫలితం చెల్లదు. కానీ దాన్ని పారేయలేకపోయాను. ఆటోలో ఇంటికి వస్తూ ఆలోచిస్తే అందులోనే ఒక సంగతి కనిపించింది. తినేవాళ్ళకు ఆకలి ఉండాలి. చూసి చెప్పేవాళ్ళకు అది ఉండకూడదు. ఆపాకు ముక్కు లేదు, వండే వేళకు రోజా వల్ల నాలుకా లేదు. నాకు ఆ రెండూ ఉన్నాయి, పైగా రోజా లేదు. మా సందులో హలీమ్ వండటానికి కావలసినవన్నీ ఉన్నాయి. ఒక్కరిలో మాత్రం లేవు, అంతే.

ఆటో దిగాక నా నివేదిక చెప్పాను. బిష్టుపూర్‌ది తప్పు పట్టలేని హలీమ్, ఎవరికైనా పెట్టవచ్చు, కానీ తిన్నవాళ్ళెవరూ అది ఆమెదనుకోరు. తర్వాత అసలు మాట చెప్పాను: "మీరే ఒండండి ఆపా. ముక్కూ నాలికా నేనుంటాను."

ఆమెకు నచ్చలేదు. తన గిన్నె దగ్గర ఇంకొకరు చెంచా పట్టుకుని కూర్చోవడమేమిటని అడిగింది. వంట చెప్పించుకుని చేసేదాన్ని వంటమనిషంటారని అంది. నేను వాదించలేదు. కోడలు బిష్టుపూర్ హోటల్‌తో మాట్లాడటానికి సిద్ధమైంది. రెండు రోజులు గోడ అవతల నుంచి మాట లేదు. మూడో రోజు బట్టలు ఆరేస్తుంటే గోడ మీదుగా ఆపా తల కనిపించింది.

"ఆదివారం నీకు సెలవే కదా. మజ్జాన్నం బువ్వ తినేసి రా. ఆకలితో రాకు."

నాకు దొరికిన ఉద్యోగాలన్నిటిలోనూ అంత స్పష్టమైన అర్హత అడిగినది మరొకటి లేదు.

ఆ ఆదివారం ఆపా పెరట్లో బొగ్గుల పొయ్యి మీద పెద్ద రాగి గిన్నె. నానిన గోధుమలు, పప్పులు, మాంసం కలిసి ఉడుకుతుంటే కోడలు చెక్క తెడ్డుతో మెదుపుతోంది. నేను చిన్న గిన్నె, చెంచా పట్టుకుని స్టూలు మీద కూర్చున్నాను. పస్తున్న ఇద్దరి ఎదుట తింటూ కూర్చోవడం నాకు కష్టంగా ఉంది. మొదటి చెంచా చాటుగా తిరిగి తిన్నాను. ఆపా నన్ను తనవైపు తిప్పింది. సిగ్గు పడితే పని కాదనీ, తన ఎదురుగానే తినమనీ చెప్పింది.

ఉప్పు తక్కువన్నాను, వేసింది. ఇంకా తక్కువన్నాను, వేసింది. చాలన్నాను, డబ్బా మూసేసింది. ఆమె అలవాటు కొద్దీ గిన్నె మీదికి వంగి, కళ్ళు మూసుకుని ఆవిరి పీల్చడం, వెంటనే వెనక్కి తగ్గి నా వైపు చూడటం ఆ మధ్యాహ్నం చాలాసార్లు గమనించాను. ఒకసారి మాంసం, నెయ్యి వాసనల కింద రొట్టె పెనం మీద కాస్త ఎక్కువసేపు ఉన్నట్టు సన్నటి వాసన తగిలింది. అడుగంటుతోందన్నాను. ఏ మసాలా వాసనో అయివుంటుందని కోడలు అంది. ఆపా ఆమె మాట వినలేదు; బొగ్గులు బయటికి లాగించి, తెడ్డు అడుగుదాకా దింపి పైకి తీసింది. చివర అంటుకున్నది గోధుమరంగుకు తిరిగింది, ఇంకా నల్లబడలేదు.

అజాన్ వేళకు సందు నిండింది. ఖర్జూరం, నీళ్ళు, ఆ తర్వాత హలీమ్. మధ్యాహ్నమంతా తిన్న నేనూ మళ్ళీ తిన్నాను. నేను చూసినవి రోజా ఉన్నవాళ్ళ పళ్ళేలు కావు, అవి సాక్ష్యంగా పనికిరావని నాకు తెలుసు. మా వాళ్ళ పళ్ళేలు చూశాను. ఏమీ మిగల్లేదు. అమ్మ రెండోసారి వడ్డించుకుంటూ నా వైపు చూడలేదు.

ఆపా అందరికీ పెట్టాక కూర్చుంది. ఒక చెంచా నోట్లో పెట్టుకుని ఉప్పు సరిపోయిందన్నది. తర్వాత నన్ను అడిగింది: "వాసన?"

"తలుపు తీయకముందే వచ్చింది."

ఆమె నా మోకాలి మీద చెయ్యి వేసి, తీయకుండానే మిగతాది తినేసింది. నా పరీక్షలతో జనానికి ఏదో మేలు జరుగుతుందని ఉద్యోగం ఇచ్చినవాళ్ళు చెబుతూ ఉంటారు. అది జరగడం నేను కళ్ళారా చూసింది ఆ రోజే. ఆ అవకాశం ఇచ్చినందుకు ఆమెకూ, ఖర్జూరాలు జరిపిన ఆ కుటుంబానికీ, జిగురు పోసి నా లెక్క సరిచేసిన గోవింద్‌పూర్ హోటల్‌కూ నేను రుణపడి ఉన్నాను.

ఒక ప్రశ్న మిగిలింది. ముక్కు పనిచేసిన రోజుల్లో ఆపాకు ఉప్పు సంగతి ఎలా తెలిసేది? ఆవిరిలో ఉప్పు లేదు. అలవాటుపడిన చేతి కొలత కావచ్చు. ఉడుకుతున్న తీరు కావచ్చు. అన్నిటికంటే సులువైన వివరణ ఇంకొకటి ఉంది: నాలుక కొసకు ఒక్క చుక్క తగిలించి ఉమ్మేసి ఉండవచ్చు. వంట చేసేవాళ్ళకు అంతవరకు తప్పు లేదని కొందరు చెప్పారు, ఉందని కొందరు చెప్పారు; రెండూ నాకు విన్న మాటలే. ముక్కు పోయింది కనుక పరీక్ష పెట్టి తేల్చే దారి లేదు. మిగిలింది ఆమెనే అడగడం. గోడ ఇవతల నుంచి ఒక్క మాట అడిగితే చెబుతుంది, అబద్ధం చెప్పదు. నేను అడగలేదు. హలీమ్ రుచి చెప్పమని ఆమె నన్ను పిలిచింది. ఆమె రోజా సంగతి చూడమని నన్నెవరూ పిలవలేదు.