క్యాసెట్టు మొదట్లో మాటలు

"ఎండకి పాడైపోయిందని చెప్పు. ఈ దేశంలో ఎండకి పాడవనిదేముంది?" అన్నారు మావారు.

"నేనెందుకు చెప్పాలి? పాడు చేసింది మీరు. మీ నోటితో మీరే చెప్పండి."

"కావాలని చేశానా? చూసుకోలేదు. రెండింటికీ తేడా లేదా?"

"మీకుంది. అతనికి లేదు."

"కాస్త మెల్లగా మాట్లాడు. పక్కింటికి వినపడుతుంది."

"వినపడనీయండి. ఇన్నాళ్లూ మీ మిషను అరుపులు విన్నారుగా. ఇవాళ నావి వింటారు."

అది శుక్రవారం పొద్దున. మధ్యాహ్నం దాటితే అతను వస్తాడు. వచ్చి, తన క్యాసెట్టు పెట్టమంటాడు. ఆ క్యాసెట్టులో మొదటి మాటలు లేవు. వాటిని మావారు ముందురోజు సాయంత్రం చెరిపేశారు. ఆ సంగతి అతనికి ఎవరు చెప్పాలి, ఎలా చెప్పాలి అన్నదే మా గొడవ.

డెబ్బైల చివర మేము ఒమాన్‌లో, సీబ్‌లో ఉండేవాళ్లం. మావారు వైర్‌లెస్ సెట్లు బాగుచేసే కంపెనీలో టెక్నీషియన్. కంపెనీ ఇచ్చిన రెండు గదుల ఇల్లు. ముందు గదికీ వంటింటికీ మధ్య తలుపు లేదు, నా పాత చీర చింపి కుట్టిన కర్టెనే. నా చదువు ఐదో తరగతితో సరి. ఇల్లు నడపడానికి అంతకన్నా అక్కర్లేదని ఆ రోజుల్లో నా నమ్మకం. అల్యూమినియం రేకు కూడా కడిగి ఆరబెట్టి దాచేదాన్ని.

ఇప్పుడు నా మనవలు ఒళ్లో పెట్టుకునే కంప్యూటరు అప్పట్లో ఇళ్లలో ఉండేది కాదు. మా ఇంట్లో ఉండేది. కొన్నది కాదు, మావారు కట్టింది. ఇంగ్లండు నుంచి పార్సిల్లో ఒక పచ్చ బోర్డూ, పొట్లాల్లో నల్ల చిప్పులూ వచ్చేవి. డ్యూటీ నుంచి వచ్చి చొక్కా అయినా విప్పకుండా వాటిని సోల్డరింగ్ చేస్తూ కూర్చునేవారు. ఇల్లంతా గుగ్గిలం వాసన. రోజూ ఇంత ధూపం వేస్తున్నావు, ఏం మొక్కు అని పక్కింటావిడ అడిగింది కూడా. ఒకటి కట్టి ఊరుకోలేదు. ఉద్యోగం మానేసి వెళ్లిపోతున్న ఒక తెల్లాయన పారేయబోయిన మిషను ఇంకోటి తెచ్చుకున్నారు. అది పలకదు. పలకనిదానికీ మంచం కింద చోటు కావాలి కదా. నా బియ్యం డబ్బా బయటికొచ్చింది. మూడోది సగం కట్టి అటక మీద ఉండేది.

"ఇంతకీ అదేం చేస్తుందండీ?" అని ఒకసారి అడిగాను. టీవీకి తగిలించి చూపించారు. నన్ను మనసులో ఒక అంకె అనుకోమన్నారు. ఎక్కువా, తక్కువా అని తెర మీద అడిగి అడిగి చివరికి కనుక్కుంది. అన్నిసార్లు అడిగితే నేనూ కనుక్కుంటానన్నాను. ఆ రాత్రి ఆయన నాతో మాట్లాడకుండా అన్నం తిన్నారు.

ఈ గొడవ జరిగిన నెలలో ఆయనకి వేగం పిచ్చి పట్టుకుంది. మిషనులో క్రిస్టల్ అని గోరంత రేకు డబ్బీ ఉంటుంది. మిషను ఎంత జోరుగా పనిచెయ్యాలో అదే చెబుతుందట. దాన్ని పీకి, రెట్టింపు జోరుది పెట్టారు. "ఇప్పుడేం చేస్తుంది?" అంటే, "ముందు చేసిందే, వేగంగా చేస్తుంది" అన్నారు, పండగొచ్చిన మొహంతో. ఆ వేగానికి చిప్పులు అట్లపెనంలా కాలేవి. నేను వంటింట్లో చెమటతో తడిసి ముద్దవుతుంటే టేబుల్ ఫ్యాను మిషను మీద తిరిగేది.

ఆ మిషనుకి కరెంటు తీస్తే అంతా మర్చిపోతుంది. అందుకని ఆయన రాసుకున్న ప్రోగ్రాములు మామూలు పాటల క్యాసెట్ల మీదే రికార్డు చేసేవారు. వింటే పాట ఉండదు, కీచుమని ఒకటే అరుపు. పాలు పొంగేంత సేపు అరిచి ఆగేది. వేగం పెంచాక పాత క్యాసెట్లు దానికి అర్థం కాలేదు. అందుకని చిన్న స్విచ్చి పెట్టి, పాతదాన్ని నిదానంలో వినిపించి, స్విచ్చి తిప్పి, కొత్త వేగంలో మళ్లీ రికార్డు చేస్తూ వచ్చారు. కొత్తది నిలుస్తుందో లేదోనని పాతవి చెరపలేదు. ఖాళీ క్యాసెట్లు అయిపోయాయి. గురువారం సాయంత్రం బల్ల మీద చేతికందిన క్యాసెట్టు పెట్టి, రికార్డు చేసే ఎర్ర మీట నొక్కారు.

అది మా ఇంటి వెనక బిల్డింగు కట్టే మనిషిది.

కరీంనగర్ వైపు పల్లె అతనిది. కూరగాయల కొట్లో మా ఇద్దరి మాట విని, "మీరు తెలుగోళ్లా" అని పలకరించాడు. చదువు రాదు. ఇంటి దగ్గర భార్యకీ రాదు. ఉత్తరాలు రాయలేనివాళ్లు అప్పట్లో క్యాసెట్టులో మాట్లాడి, వచ్చేపోయే మనిషి చేతికిచ్చి పంపుకునేవారు. వాళ్ల ఊళ్లో గల్ఫు నుంచి తిరిగొచ్చిన ఒకాయన దగ్గర రికార్డరుంటే, ఇంటిల్లిపాదీ అక్కడికి వెళ్లి మాట్లాడి పంపారు. క్యాసెట్టు కూడా ఆయనదే. జవాబు దాని మీదే చెప్పి తిరిగి పంపాలి. జవాబు చెబితే వాళ్ల మాటలు చెరిగిపోతాయి. అందుకని అతను నెలల తరబడి జవాబే చెప్పలేదు. రూమ్‌లో పదిమంది మధ్య వినలేక, ప్రతి శుక్రవారం మా ఇంటికొచ్చి, మా రికార్డరులో విని వెళ్లేవాడు.

మావారే మాటిచ్చారు. "మా కంపెనీ నుంచి ఇంకో రికార్డరు తెచ్చి, దీన్ని వేరే క్యాసెట్టులోకి ఎక్కిస్తా. ఆ తర్వాత దీని మీద నిశ్చింతగా జవాబు చెప్పుకో" అన్నారు. అతను రుమాలు మడత విప్పి క్యాసెట్టు ఆయన చేతిలో పెట్టాడు. అప్పటినుంచీ శుక్రవారం రావడం, వినడం, "వచ్చే వారం తప్పకుండా" అనిపించుకుని వెళ్లడం. రెండో రికార్డరు మాత్రం రాలేదు. క్రిస్టల్ వచ్చింది.

గురువారం నేను పప్పు తాలింపు వేస్తుంటే ముందు గదిలో, సరిగ్గా ఎక్కిందో లేదోనని ఆయన తిప్పి వింటున్న అరుపు ఆగి, మాట మధ్యలోంచి ఒక ముసలామె గొంతు లేచింది. "...బర్రె ఈనిందిరా, ఆడ దుడ్డె" అని. తాలింపు మాడుతున్నా వదిలేసి పరుగెత్తాను. ఆ గొంతు నాకు తెలుసు. అతని తల్లిది. ఆయన రికార్డరు ముందు చెయ్యి గాలిలో పెట్టుకుని కూర్చుని ఉన్నారు.

పోయింది మొదటి రెండు మూడు నిమిషాలే. తల్లి ఉంది, తండ్రి ఉన్నాడు, పిలవకుండా దూరి భజన పాట పాడిన ముసలాయన కూడా ఉన్నాడు. ఆ మొదటి నిమిషాల్లో మాట్లాడింది మాత్రం భార్య. ఆమె తర్వాత మైకు అందరూ లాక్కున్నారు, మళ్లీ ఆమెకి మాట్లాడే వంతే రాలేదు.

శుక్రవారం అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఖర్జూరాల పొట్లంతో వచ్చాడు.

"అక్కా, సారు ఇంట్ల ఉన్నరా? రేపు పొద్దుగాల మమ్ముల సువైక్ సైట్‌కు ఏస్తున్నరు. లారీ అస్తదట. ఇగ శుక్రారం శుక్రారం రాను వీలుగాదు. ఒక్కపారి ఇని, సారు ఎక్కిస్తనన్న కొత్తది తీస్కపోదామని వచ్చిన."

నేను కర్టెన్ వెనక్కి వెళ్లిపోయాను. అదీ నా ధైర్యం.

"ఈ ఎండలకి..." అని మొదలుపెట్టారు మావారు. కర్టెన్ సందులోంచి నా మొహం కనిపించిందేమో, ఆగారు. ఆగి, నిజమే చెప్పడం మొదలుపెట్టారు గాని, ఎలా చెప్పారు! క్రిస్టల్ దగ్గర మొదలుపెట్టి, స్విచ్చి దాకా వచ్చి, వేగం, నిదానం అంటూ తిరుగుతున్నారు. అతను పాపం మర్యాదగా తలూపుతున్నాడు. "అవునా సారూ. గంత పెద్ద ముచ్చటనా" అంటున్నాడు. చివరికి ఓపిక పట్టలేక తనే చెయ్యి చాచి మీట నొక్కాడు.

అరుపు మొదలైంది.

"అబ్బ! దీంట్ల కీచురాయి జొచ్చిందా ఏంది సారూ!" అని నవ్వాడు. రికార్డరు నెత్తిన రెండు తట్టాడు. నవ్వుతూనే విన్నాడు. అరుపు ఆగి, తల్లి గొంతు బర్రె దగ్గర అందుకుంది. నవ్వు ఆపాడు. టేపు వెనక్కి తిప్పి మళ్లీ పెట్టాడు. మళ్లీ అదే.

"మా ఇంటామె ఏడున్నది సారూ?"

"అదే చెప్తున్నాను... చెరిగిపోయింది. నా పొరపాటే" అన్నారు మావారు. ఆ మాట ముందే అనొచ్చు కదా.

అతను తిడితే బాగుండునని కర్టెన్ వెనక నిలబడి ఎదురుచూశాను. తిడితే నేనూ మావారిని నాలుగు తిట్టి, అతనికి అన్నం పెట్టి పంపేదాన్ని. అతను తిట్టలేదు. మీట నొక్కి టేపు ఆపాడు. కర్టెన్ వైపు తిరిగాడు.

"అక్కా, నువ్వు ఇన్నవు గద."

చేతిలో గరిటె గట్టు మీద పెట్టాను.

"నేను టేపు పెట్టంగనే వంటింట్ల గిన్నెల సప్పుడు ఆగుతుండె. ఆమె మాట అయిపోయినంక మల్ల మొదలైతుండె. నాకు తెలుసు. ఏమనుకోలే అక్కా. జెర చెప్పు, ఏమన్నదో."

రేకు ముక్క కూడా పారేయని దాన్నని, ఎవరి జోలికీ పోని దాన్నని నా మీద నాకు ఎంత గర్వముండేదో. పరాయి ఆడమనిషి మొగుడితో చెప్పుకున్న మాటలు వారం వారం గిన్నె పక్కన పెట్టి మరీ విన్నాను. అది అతనికి మొదటి నుంచీ తెలుసు. తెలిసీ వచ్చేవాడు, వేరే దారి లేక. ఇప్పుడు ఆ మాటలు నేను, నా మొగుడి ఎదుట, అతనికి చెప్పాలి.

కర్టెన్ దాటి రాలేకపోయాను. గుడ్డ వెనక నుంచే చెప్పాను.

"నేనే మాట్లాడుతున్న..." అని మొదలుపెట్టాను. మా యాసలో చెబుదామనుకున్నాను గాని, ఆ మాటలు ఆమె యాసలోనే వచ్చాయి. "ఏం మాట్లాడాలె, అందరు ఈడనే నిలబడ్డరు. మంచిగున్నవా? కడుపు నిండ తింటున్నవా? ఇంటి ముంగట జామచెట్టు కాసింది, నీకు పెట్టేటందుకు లేదని ఎవ్వల్ల తెంపనిస్తలేను. పిట్టలు తింటున్నయి, తిననీ. పొద్దుమీకితే ఇల్లు పెద్దగ అయితది..."

అక్కడ ఆగాను. ఆ తర్వాత ఆమె గొంతు తగ్గించి ఒక మాట అనేది. మంచం మీద అతను పడుకునే వైపు ఈనాటికీ తను పడుకోవడం లేదని. ముందు గదిలో ఇద్దరు మగవాళ్లు తలలొంచుకుని కూర్చున్నారు. నేను ఆ మాట దాటేసి, "ఇగ నాకు సిగ్గయితుంది, ఇగో అత్తమ్మకిస్తున్న" అని ముగించేశాను.

అతను అన్నాడు: "నడుమ ఇంకోటి ఉండె అక్కా."

నేను కర్టెన్ సందు మూసేశాను.

"ఉండనీ తియ్యి" అన్నాడు. "అది నాకు యాదికున్నది."

మావారు చెప్పుల కోసం వెతుక్కుంటూ లేచారు. "ఉండు, బజారుకెళ్లి కొత్త క్యాసెట్లు తెస్తా. ఒక పెట్టె తెస్తా" అన్నారు.

"కొత్తయి ఏం జేసుకుంట సారూ" అన్నాడతను. "తిని పో" అని నేను లోపలి నుంచి అన్నాను. "కడుపుల మంచిగ లేదక్కా" అని వెళ్లిపోయాడు. క్యాసెట్టు తీసుకెళ్లాడు. ఖర్జూరాల పొట్లం బల్ల మీద, మిషను పక్కన ఉండిపోయింది. దాన్ని విప్పడానికి మా ఇద్దరికీ చెయ్యి రాలేదు. మర్నాటి డ్యూటీ బట్టలకి గంజి పెట్టాను, అన్నం వడ్డించాను, గొడవ మాత్రం మళ్లీ ఎత్తలేదు. ఎత్తితే ముందు నా సంగతి వస్తుంది.

శనివారం ఇంకా పొద్దు పొడవకముందే తలుపు కొట్టాడు. సైట్ బట్టల్లో ఉన్నాడు, భుజాన పరుపుచుట్ట. వీధి చివర లారీ ఇంజను ఆపకుండా నిలబడి ఉంది.

"సారూ, జెర ఎర్రది ఒత్తుర్రి. జవాబు చెప్త. మా రూమ్ అతను వచ్చే వారం ఊరికి పోతున్నడు."

"మీ అమ్మావాళ్లవి కూడా పోతాయి మరి" అన్నారు మావారు.

"అమ్మ బర్రె ముచ్చట మల్ల చెప్తది తియ్యి."

ఆయన వేగం చేసిన ప్రోగ్రాము కూడా ఆ అరుపులోనే ఉంది. కొత్త వేగంలో దానికి ఇంకో కాపీ లేదు. ఆయన ఆ సంగతి ఎత్తకుండా టేపు మొదటికి తిప్పి, ఎర్ర మీట నొక్కి, గదిలోంచి బయటికొచ్చి అరుగు మీద కూర్చున్నారు. నేను బకెట్టు తీసుకుని పెరట్లోకి వెళ్లి పంపు విప్పాను. బకెట్టు నిండి పొర్లినా కట్టలేదు.

లారీ హారను రెండుసార్లు మోగింది. అతను క్యాసెట్టు చొక్కా జేబులో వేసుకుని, "పోయొస్త అక్కా" అని పెరటి గోడ మీంచి కేకేసి, పరుగెత్తి లారీ ఎక్కాడు. నేను పంపు కట్టేసి లోపలికి వచ్చి, ఖర్జూరాలు కడిగి గిన్నెలో పెట్టాను. మావారు రెండు తిని డ్యూటీకి వెళ్లారు.